ట్రాంబోనుకి తనియావర్తనం

పెళ్ళికి వెళితే మనం చూడనిదంటూ వుండదు. పెళ్ళికూతురి చీర అంచు చూస్తాం. వియ్యపురాలి మెళ్ళో కాసులపేరు కొత్తదా, పాతది మెరుగు పెట్టించిందా అని చూస్తాం. గుత్తివంకాయ కూరలో నూనె తేలిందో లేదో చూస్తాం. బ్యాండు వాళ్ళని మాత్రం చూడం. వాళ్ళు మోగిస్తుంటే మన మాటలు మనకే వినపడవు కనుక కాస్త గొంతు పెంచి మాట్లాడుకుంటాం, అంతే. నేనూ నలభై దాటేదాకా అలాగే గడిపాను.

మార్కాపురంలో దగ్గర బంధువుల ఇంట్లో పెళ్ళి. మగపెళ్ళివారు గిద్దలూరు నుంచి బస్సులో రావాలి. కంభం మీదుగా గంటన్నర ప్రయాణమైనా మగపెళ్ళివారు చెప్పిన వేళకి వస్తే వాళ్ళు మగపెళ్ళివారు ఎందుకవుతారు? ఎదురుకోలుకని పళ్ళేలు పట్టుకుని నిలబడ్డ ఆడవాళ్ళం ఒక్కొక్కరం కూలబడ్డాం. చెన్నకేశవస్వామి గుడి వీధి మలుపులో ఎర్రకోట్లు తొడుక్కున్న బ్యాండు వాళ్ళు కూడా అరుగుల మీద చేరి బీడీలు వెలిగించారు. వాళ్ళలో ఒకాయన, యాభై దాటి వుంటాయి, గోడవైపు తిరిగి కూర్చుని తన బాకాని చాలా మెల్లగా వూదుకుంటున్నాడు. ఎవరికోసమూ కాదు. పక్కన ఒక చంటిపిల్లాడు నోరు తెరుచుకుని చూస్తున్నాడు గానీ వాడి కోసం కూడా కాదనుకుంటాను. గొట్టం మెల్లగా ముందుకి జరుగుతోంది, వెనక్కి వస్తోంది. ఆ జరిగే గొట్టంతో పాటు స్వరమూ జరుగుతోంది. హిందోళం. సందేహం లేదు. మా చిన్నప్పుడు సంగీతం మాష్టారు చెవి మెలేసి నేర్పిన రాగం అదొక్కటే నాకు మిగిలింది.

రెండు నిమిషాలు వినుంటాను. అంతలో బస్సు హారను. బ్యాండు మాష్టరు ఈల వేశాడు. క్లారినెట్లు, ట్రంపెట్లు, సైడు డ్రమ్ములు, పెద్ద డ్రమ్ము అన్నీ ఒక్కసారి లేచాయి. ఏదో కొత్త సినిమా పాట. నేను పళ్ళెం పక్కదానికిచ్చి, పని గట్టుకుని ఆ ఎర్రకోటాయన వెనకాలే విడిది దాకా నడిచాను. అంతసేపూ ఆయన బుగ్గలు వుబ్బుతూనే వున్నాయి, గొట్టం జరుగుతూనే వుంది. ఒక్క స్వరమైనా నా చెవిన పడితే ఒట్టు.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. పెళ్ళివారింట్లో నిద్ర ఎలాగూ పట్టదనుకోండి. ఆ వాయిద్యానికి ముందు నిలబడి పాడే పాట ఎవరైనా రాశారా? వెనక అదే బ్యాండు వుండగా? మా మేనల్లుడు ఫోనులో వెతికి పెట్టాడు. రాశారు. ఒకటి కాదు, చాలా. విన్నాను, విన్నవే మళ్ళీ విన్నాను. సంగీత విమర్శ రాసే అర్హత నాకు లేదు. నవలలు రాసుకునేదాన్ని. కానీ పదిమంది మనుషులున్న ఇంట్లో ఒక మనిషి గొంతు పాఠకులకి వినపడేలా చెయ్యడమంటే ఏమిటో కొంచెం తెలుసు. ఆ పాటి అర్హతతోనే రాస్తున్నాను.

ముందు వాయిద్యం సంగతి. మిగతా బాకాలకి మీటలుంటాయి, మీట నొక్కితే స్వరం మారుతుంది. ట్రాంబోనుకి మామూలుగా మీటలుండవు. ఒక గొట్టంలో ఒకటి దూరిన జంట గొట్టం, చెయ్యి సాచినంత మేర సాగుతుంది. చుట్టలన్నీ విప్పి చాపితే తొమ్మిది అడుగులట. ఆ సాగే దారిలో ఏడు మజిలీలున్నాయి. ఏడనగానే సప్తస్వరాలే కదా అని నేను పొంగిపోయాను గానీ, కాదు. మజిలీకీ మజిలీకీ మధ్య దూరం హార్మోనియం మీద తెల్లమెట్టుకీ పక్కనున్న నల్లమెట్టుకీ వున్నంతే. మిగతా స్వరాలన్నీ పెదవి బిగింపుతో, వూపిరితో తెచ్చుకోవాలి. మజిలీల దగ్గర గుర్తులుండవు. వయొలిన్ వాయించేవాళ్ళ వేలిలాగా, ఈయన చేతికే తెలియాలి.

చూశారా మరి, గమకానికి ఇంతకంటే అనువైన బాకా వుంటుందా? మన సంగీతంలో స్వరం మేకు కొట్టినట్టు వుండదు, వూగుతుంది, జారుతుంది. మీటలున్న సాక్సోఫోను మీద ఆ జారుడు తేవడానికి కద్రి గోపాల్‌నాథ్ (1949–2019) ఇరవై ఏళ్ళు పాటుపడ్డారని చెబుతారు. మైసూరు ప్యాలెస్ బ్యాండులో ఆ వాయిద్యం విని మోజుపడ్డారాయన. ట్రాంబోనుకి ఆ జారుడు పుట్టుకతోనే వచ్చింది.

వచ్చింది గానీ, దానికీ ఒక హద్దుంది. ఏడు మజిలీల మధ్య వున్నవి ఆరు మెట్లే. అంటే ఒక్క జారులో షడ్జం నుంచి ప్రతి మధ్యమం దాకా వెళ్ళగలదు. ఇంకొక్క మెట్టు దాటితే పంచమం, అక్కడికి చెయ్యి చాలదు. మధ్యలో తెంపి, చెయ్యి వెనక్కి లాక్కుని, పెదవి మార్చి పట్టుకోవాలి. స నుంచి ప దాకా హాయిగా జారే వీణ ముందు ఇది పాపం ఇంటి గడప దగ్గర ఆగిపోయిన కోడలిలాంటిది. అరుగు మీదాయన హిందోళం ఎందుకు పట్టుకున్నాడో నాకప్పుడు తట్టింది. ఆ రాగంలో పంచమమే లేదు. శ్రుతి తగినట్టు ఎంచుకుంటే స నుంచి మ దాకా ఒక జారు, మ నుంచి ని దాకా ఇంకో జారు. ఆయన ఈ లెక్క వేసుకుని మొదలుపెట్టాడని కాదు. చెయ్యే వెతుక్కుని వుంటుంది.

ఇంత నేర్పున్న వాయిద్యానికి మన బ్యాండులో పని ఎందుకు లేదు? దీనికి జవాబు వెతికితే రెండు వందల ఏళ్ళు వెనక్కి పోవాల్సి వచ్చింది. ముత్తుస్వామి దీక్షితులు (1775–1835) చిన్నతనంలో మద్రాసు దగ్గర మణలిలో వున్నప్పుడు కుంఫిణీ వాళ్ళ బ్యాండు విన్నారు. ఆ వరసలకి సంస్కృతంలో సాహిత్యం కట్టారు. సంగీతం నేర్చుకునే పిల్లల చేత ఇప్పటికీ పాడించే నోటుస్వరాలు అవే. ఇంగ్లీషు రాజుగారి స్తుతిగీతం వరస మీద మన అమ్మవారు కొలువుతీరింది! చక్కని పని. అయితే ఆయన తీసుకున్నది పాట వరసని మాత్రమే. దాని కింద రెండో గొంతు, మూడో గొంతు, అడుగు గొంతు అని దొరల బ్యాండులో వుండే పక్కగొంతులు మనకి అక్కర్లేదు, వదిలేశాం. మన సంగీతానికి అది నష్టమేమీ కాదు. కానీ ట్రాంబోను పుట్టింది ఆ పక్కగొంతుల కోసం. తర్వాత దొరల బ్యాండు మన పెళ్ళిళ్ళలోకి దిగింది. పాట వరస క్లారినెట్టుకీ ట్రంపెట్టుకీ పోయింది. పక్కగొంతు లేని చోట పక్కగొంతు వాయిద్యం మిగిలిపోయింది. మరి అదేం చెయ్యాలి? ట్రంపెట్టు వెనకాలే అదే పాటని ఒక స్థాయి కింద మోస్తుంది. లేదా ఒకే స్వరం పట్టుకుని గుమ్మంలా నిలబడుతుంది.

ఇక రాసిన వాళ్ళ సంగతి. అన్నింటిలో నన్ను కూర్చోబెట్టింది రష్యన్ స్వరకర్త రిమ్‌స్కీ కోర్సకోవ్ 1877లో ట్రాంబోనుకీ మిలటరీ బ్యాండుకీ రాసిన కన్సర్టో. కన్సర్టో అంటే మన కచేరీ కాదు. ఒక వాయిద్యం ముందు నిలుస్తుంది, మేళం వెనక నిలుస్తుంది. ఒకసారి పోటీ, ఒకసారి రాజీ. ఆ రెంటి మధ్య నడిచే సంభాషణ అది. ఈయన 1873 నుంచి రష్యా నౌకాదళపు బ్యాండులన్నిటికీ ఇన్‌స్పెక్టరు. ఉద్యోగంలో చేరగానే చేసిన పనేమిటంటే, ట్రాంబోనూ క్లారినెట్టూ ఫ్లూటూ తెప్పించుకుని తనే వూదడం మొదలుపెట్టాడు. ఇరుగుపొరుగు ఎంత భరించారో గానీ ఆ పాట్లు కన్సర్టోలో తెలుస్తాయి. 1878లో క్రోన్‌స్టాట్ అనే నౌకాశ్రయపు వూళ్ళో మొదటిసారి వాయించారు. మొత్తం పది నిమిషాల పాట. మూడు భాగాలు.

మొదటి భాగం నాకు పెద్దగా నచ్చలేదు. బూట్లు టకటకలాడిస్తూ వచ్చే కొత్త ఆఫీసరులాగా వుంటుంది. తన హోదా ఇదీ అని చెప్పుకోవడం తప్ప మనసు విప్పడు. మూడో భాగం కవాతు. మన బ్యాండు మాష్టర్లు వింటే ఎత్తుకుపోతారు. రెండోది వుంది చూశారూ, అక్కడే మనిషి బయటపడ్డాడు. నెమ్మదిగా, పడవ వూగినట్టు ఆరేసి మాత్రల నడక, మన ‘తకిట తకిట’. బ్యాండంతా నేలమీద పరిచిన జంపఖానాలా మెత్తగా కిందికి దిగిపోతుంది. దానిమీద ట్రాంబోను ఒక్కతే నడుస్తుంది. ‘ఒక్కతే’ అని ఎందుకు రాశానో నాకే తెలియదు, మూడుసార్లు దిద్దబోయి వదిలేశాను. ఆ భాగం చివర బ్యాండు పూర్తిగా ఆగిపోతుంది. ట్రాంబోను తనంతట తాను పైకి వెళుతుంది, కిందికి వస్తుంది, ఆలోచిస్తుంది. దాన్ని కెడెంజా అంటారట.

ఇక్కడే నా విమర్శంతా వుంది. ట్రాంబోనుకి వెనక పిడేళ్ళున్న ఆర్కెస్ట్రాని పెట్టి రాయడం వేరు. 1837లో జర్మనీలో ఫెర్డినాండ్ డేవిడ్ రాసినది అలాంటిదే, బాగానే వుంటుంది. పిడేలు నారతో చేసిన గొంతు, బాకా లోహపు గొంతు. దేని దారి దానిది, ఎవరు మాట్లాడుతున్నారో వేరే చెప్పక్కర్లేదు. బ్యాండుని వెనక పెట్టి రాయడంలోనే చిక్కు. ముందున్నదీ ఇత్తడే, వెనక వున్న మందలో సగమూ ఇత్తడే. అన్నదమ్ముల మధ్య ఒకడి మాట వినపడాలంటే వాడు అరిచి లాభం లేదు, వీళ్ళూ అరవగలరు. వీళ్ళు వూరుకోవాలి. అందుచేత ఇలాంటి పాట కూర్చేవాడు ట్రాంబోనుకి ఏం రాశాడన్నది రెండో సంగతి. తక్కినవాళ్ళని ఎప్పుడు, ఎంత, ఎందుకు వూరుకోబెట్టాడన్నది మొదటి సంగతి.

మిలటరీ బ్యాండులో క్లారినెట్లయినా వుంటాయి. ఇంగ్లండులో అవీ లేని అచ్చమైన ఇత్తడి బ్యాండులున్నాయి. పాతికమంది వాయిద్యగాళ్ళు, పైన డ్రమ్ముల వాళ్ళు. బొగ్గుగనుల వాళ్ళూ, మిల్లుల్లో పనిచేసే వాళ్ళూ కట్టుకున్న బ్యాండులవి. యార్క్‌షైరులో బ్లాక్ డైక్ అనే బట్టల మిల్లు పేరుమీద 1855లో ఏర్పడ్డది ఇప్పటికీ వుంది. ఆ మాట చదివినప్పుడు నాకు మా మార్కాపురం పలకల గనులు గుర్తొచ్చాయి. ఒకప్పుడు ఎంతమంది పిల్లలు అఆలు దిద్దారో ఆ రాతి పలకల మీద! గనిలో రాయి కొట్టిన చేతికి సాయంత్రం బాకా ఇవ్వాలన్న ఆలోచన మన దగ్గర కూడా పుట్టివుంటే ఎలా వుండేదో.

ఆ ఇత్తడి బ్యాండు పాతికమందిలో ట్రాంబోనులు మూడే. మిగతావాటిలో ఎక్కువ భాగం గొట్టం పోనుపోను వెడల్పయ్యే రకం, వాటి గొంతు గుండ్రంగా వుంటుంది. ట్రాంబోను గొట్టం చాలా దూరం ఒకే వెడల్పున నడుస్తుంది. అందుకే దాని గొంతుకి కొంచెం అంచు వుంటుంది. ఆ అంచుని పట్టుకుని 1975లో గోర్డన్ లాంగ్‌ఫర్డ్ అనే ఆయన డాన్ లషర్ కోసం ఒక రాప్సొడీ రాశాడు. లషర్ డాన్సు బ్యాండుల్లో పేరు పడ్డ వాయిద్యగాడు. ఆ పాట వినడానికి తీపిగా వుంటుంది. మన పాత సినిమాల్లో హీరోయిను కిటికీ దగ్గర నిలబడగానే వచ్చే సంగీతంలా. నాకైతే కొంచెం పాకం ముదిరిందనిపించింది. అయినా ఒకటి మెచ్చుకోవాలి. ట్రాంబోను మాట్లాడేటప్పుడు తక్కిన పాతికమంది మర్యాద తెలిసిన మనుషుల్లా వుంటారు.

ఈ వెతుకులాటలో కథకంటే వింతగా ఎదురైన ఒక స్త్రీ గురించి చెప్పకుండా వుండలేను. అబీ కోనంట్, అమెరికా మనిషి. 1980లో జర్మనీలో మ్యూనిక్ ఫిల్హార్మనిక్ వాళ్ళు ట్రాంబోను ఉద్యోగానికి పరీక్ష పెట్టారు. తెరవెనక నిలబడి వాయించాలి, ఎవరన్నది తెలియకూడదు. ఆమె వాయించింది నేనింతకుముందు చెప్పిన డేవిడ్ పాటే. తెర ఇవతల వాళ్ళకి ఎంత నచ్చిందంటే, ఇంకా వంతు రావాల్సిన వాళ్ళని ఇంటికి పంపేశారు. తెర వెనక నుంచి ఆడమనిషి వచ్చింది. ఏడాది తిరక్కుండానే ఆమెని మొదటి స్థానం నుంచి రెండో స్థానానికి దింపారు. దమ్ము చాలదేమోనని అనుమానం. ఆమె వూపిరితిత్తులకి డాక్టరు పరీక్షలు చేయించుకుని కాగితాలు తెచ్చి కోర్టుకెక్కింది. తన స్థానం, తోటి మగవాళ్ళతో సమానమైన జీతం రెండూ చేతికొచ్చేసరికి 1993. పదమూడేళ్ళు! పిల్లల్ని కని పెంచిన ఆడదానికి దమ్ము లేదనడానికి కూడా ఒక దమ్ముండాలి.

‘సావిత్రి’ కూడా ఈ దారిలోనే తగిలింది, నవ్వకండి. ఇంగ్లీషు స్వరకర్త గుస్తావ్ హోల్స్ట్‌కి చిన్నప్పుడు ఉబ్బసం వుండేది. ట్రాంబోను వూదితే తగ్గుతుందని వాళ్ళ నాన్న నేర్పించాడు. వయసొచ్చాక ఆ బాకాతోనే సముద్రతీరపు బ్యాండుల్లో పొట్టపోసుకున్నాడు. తర్వాత సంస్కృతం నేర్చుకుని, ఋగ్వేద సూక్తాలకి సంగీతం కట్టి, 1908లో మన సతీ సావిత్రి కథని చిన్న సంగీత నాటకంగా రాశాడు. అందులో యముడు తెర వెనక నుంచే, ఏ వాయిద్యమూ తోడు లేకుండా పాడుతూ మొదలవుతాడు. ఇరవైమంది బాకాల మధ్య ఏళ్ళ తరబడి కూర్చున్న మనిషికే ఒంటి గొంతు ఎంత భయపెడుతుందో తెలుస్తుందేమో.

సరే, మన దగ్గర ఎవరైనా కూరిస్తే ఎలా కూర్చాలి? రష్యన్ పాటని తెచ్చి ఎర్రకోట్లకి తొడగమని నేననను. మనకి కెడెంజాలాంటిది వుండనే వుంది. కచేరీలో తనియావర్తనం. రెండు గంటలు పక్కవాయిద్యంగా వుండిపోయిన మృదంగం ఆయన వైపు గాయకుడు తిరిగి, ఇక మీ వంతు అన్నట్టు తల పంకిస్తాడు. పిడేలు ఆవిడ కమాను ఒళ్ళో పెట్టుకుంటుంది. గాయకుడు తన పాట ఆపి, పక్కవాయిద్యానికి తను తాళం వేస్తాడు. ఎంత పెద్ద మనసు! ఆ సమయం చూసి సభలో సగం మంది కాఫీకి లేచిపోతారనుకోండి, అది వేరే సంగతి. నేను కూడా లేచినదాన్నే.

అలాంటి తనిని ట్రాంబోనుకి ఇవ్వాలని నా ఊహ. ముందు బ్యాండంతా కలిసి పాట ఎత్తుకోవాలి, ట్రాంబోను మామూలుగా కిందనే వుండాలి, ఎవరికీ వినపడకుండా. తర్వాత ట్రంపెట్లు ఒక ఆవర్తనం తగ్గాలి. క్లారినెట్లు తగ్గాలి. పెద్ద డ్రమ్ము ఆగాలి. అప్పటిదాకా వినపడని గొంతు వినపడడం మొదలవ్వాలి. అది కొత్తగా వచ్చి చేరినది కాదు, మొదటి నుంచీ వున్నదే అని వినేవాళ్ళకి తెలియాలి. పంచమం లేని రాగాలు చూసుకోవాలి. హిందోళం, శ్రీరంజని. పంచమం కావాలంటే, అక్కడ తెంపక తప్పదు కనుక ఆ తెంపుని దాచకుండా, వూపిరి తీసుకునే చోటుగా పెట్టుకోవాలి. ఇదంతా చదివి సంగీతజ్ఞులు నవ్వుకుంటే నవ్వుకోనివ్వండి. మా జిల్లాలో కరవదిలో పుట్టిన షేక్ చిన మౌలానా (1924–1999) నాదస్వరం పట్టుకుని కావేరి నడుమ శ్రీరంగంలో స్థిరపడి పెద్ద విద్వాంసులనిపించుకున్నారు. వీధి మేళానికీ విద్వత్సభకీ మధ్య గోడ ఎంత ఎత్తో మా వైపు వాళ్ళకి తెలియంది కాదు.

ఇంత ఆలోచించాక ఆ ఎర్రకోటాయనకి వినిపించకుండా ఎలా వుంటాను? నెల తిరిగాక మళ్ళీ మార్కాపురం వెళ్ళినప్పుడు ఇల్లు కనుక్కుని వెళ్ళాను. కోటు లేకుండా లుంగీలో వున్నారు, వెంటనే పోల్చుకోలేకపోయాను. పెళ్ళిళ్ళు లేని నెల. డీజే పెట్టెలు వచ్చాక పెళ్ళిళ్ళున్న నెలలూ తగ్గాయిట. గోడకి ఆనించి నాలుగు రాతి పలకలున్నాయి. బ్యాండు మాష్టరు స్వరాలు చెబితే కుర్రాళ్ళు వాటి మీద రాసుకుని నేర్చుకుంటారు. పాట వచ్చాక తుడిచేస్తారు.

ఫోను ఆయన చెవి దగ్గర పెట్టి రిమ్‌స్కీ కోర్సకోవ్‌ని వినిపించాను. కళ్ళు మూసుకుని మూడు భాగాలూ విన్నారు.

“ఏందమ్మా ఇది, యాడ దొరికింది?” అన్నారు. చెప్పాను.

“మొదట్లో వొట్టి హడావిడి. మావోళ్ళు గూడా వాయిస్తారు. నడిమిది బాగుండాది. రాసినాయన వూదిన మనిషేనమ్మా.”

“ఎలా తెలిసింది?”

“వూపిరి తీసుకునేదానికి చోటిచ్చినాడు గదా. వూదనోడికి ఆ సంగతి తట్టదు. మా పాటలు చూడండి, పాడినోళ్ళు మైకు ముందర ముక్కలు ముక్కలుగా పాడి అతికిస్తారంట. దాన్ని మేము ఒక్క దమ్మున వూదాల.”

నేను పది పేజీల్లో చెప్పలేనిది ఆయన ఒక్క ముక్కలో తేల్చేశారు. అయినా నా సిద్ధాంతం వదులుతానా? తనియావర్తనం సంగతి ఎత్తాను. బ్యాండంతా ఆగిపోవాలి, మీరొక్కరే వినపడాలి అన్నాను. ఆయన తల అడ్డంగా వూపారు.

“అట్ట గాదమ్మా. అది సభలో సరిపోతాది. వీధిలో అందరూ ఆపేసి నేనొక్కణ్ణే వూదితే తక్కినోళ్ళు అలిగి పోయినారనుకుంటారు. లేకుంటే అడుక్కునేదానికి వూదతాండాడు అనుకుంటారు. కింద సైడు డ్రమ్ము సన్నంగా వుండాల. ఒక్క క్లారినెట్టు షడ్జం పట్టుకోనుండాల. అప్పుడు నేను వొంటిగా వుండానని తెలుస్తాది.”

“మరి మీ వాళ్ళు అలా సన్నంగా పట్టుకుంటారా?”

“పట్టుకుంటారు. పెళ్ళోళ్ళు పట్టుకోనీరు. వాళ్ళు డబ్బులిచ్చేది మోతకి.”

నేను తలొంచుకున్నాను. ఆ పెళ్ళిలో ఎదురుకోలు దగ్గర బ్యాండు కాస్త తగ్గితే, ‘ఏమయ్యా, అన్నం తినలేదా?’ అని కేకేసింది మా పిన్ని. మేమంతా నవ్వాం కూడా.

ఆయన లోపలికి వెళ్ళి ట్రాంబోను తెచ్చుకున్నారు. మూతిముక్క తుడిచి, మధ్య భాగం మళ్ళీ పెట్టమన్నారు. ‘తకిట తకిట’ అని తొడ మీద వేళ్ళు ఆడించుకుంటూ నాలుగు పలుకులు వూదారు. ఐదో పలుకు దగ్గర గొట్టం చివరికంటా పోయి ఆగిపోయింది. వెనక్కి లాక్కున్నారు. పెదవి మార్చి మళ్ళీ పట్టుకున్నారు. తెంపు వినపడింది. ఇంకోసారి వూదారు, ఈసారి ఆ తెంపు దగ్గర కావాలనే ఆగి, వూపిరి తీసుకుని, అప్పుడు పైకి వెళ్ళారు.

“రేయ్, పలక తేరా” అని కొడుకుని కేకేశారు.

కుర్రాడు తెచ్చిన పలక మీద క్రితం పెళ్ళి తాలూకు పాట స్వరాలు ఇంకా వున్నాయి. మోచేత్తో తుడిచేసి, బలపం కోసం చొక్కాజేబు తడుముకుంటూ, “మొదటి నుంచి పెట్టండమ్మా” అన్నారు.